ఈశాన్యం లేని ఇల్లు

ఫిబ్రవరి 3, సోమవారం

మార్చి ఆఖరుకు మేడమీది గది ఖాళీ చేస్తానని నాన్నతో చెప్పేశాను. ఆయన సరే అన్నారు. ఇంకో మాట ఏమైనా అంటారేమోనని కాసేపు కౌంటరు దగ్గరే నిలబడ్డాను. ఆయన ఎవరికో ఇడ్లీ పాత్ర చూపిస్తూ అందులో మునిగిపోయారు. ఆ గది ఆయనకు సరుకు పెట్టుకోవడానికి కావాలి. శ్రీరంగయ్య పాత్రల షాపు అంటే హోసూరులో తెలియనివాళ్లు లేరు. దాని మీద ఒక ఆర్కిటెక్టు ఆఫీసు ఉందని తెలిసినవాళ్లూ లేరు.

బాధేమీ లేదు. సొంతంగా ఆఫీసు పెట్టి రెండేళ్లయింది, గీసినవన్నీ అగ్గిపెట్టెలే. పక్కింటివాళ్లది ఎలా ఉందో అలాగే కావాలని వస్తారు, అలాగే గీసి ఇస్తాను. అదే పని బెంగళూరులో ఏసీ గదిలో కూర్చుని చేయవచ్చు. అక్కడి కంపెనీవాళ్లు ఏప్రిల్ ఒకటిన చేరమన్నారు. ఈ వారంలో ఒప్పుకుంటూ జవాబు రాసేస్తాను.

సాయంత్రం ఒకావిడ వచ్చింది. పేరు చిక్కమ్మ, అరవై దాటి ఉంటాయి. వేప్పనపల్లి దగ్గర పల్లె, మామిడితోట ఉంది. మా షాపులో సంగటి గిన్నె కొనుక్కుని, మెట్ల పక్కన నా బోర్డు చూసి పైకి వచ్చిందట. ఇల్లు కట్టుకోవాలంది. గోడకు అంటించిన నా డిజైన్లన్నీ ఒక్కొక్కటే చూసి, ఇట్లాంటివి కాదంది. మూలలు లేని ఇల్లు కావాలంది.

ఊరు వదిలి వెళ్తున్నాను, నా వల్ల కాదు అని చెప్పాలనుకున్నాను. ఎల్లుండి తోట చూడటానికి వస్తానని చెప్పాను.

చూడటానికే.

ఫిబ్రవరి 5

శూలగిరి దాటాక కారు అద్దాలు దించేశాను. మామిడి పూత వాసన దారి పొడవునా ఉంది.

కన్నడంలో చిక్కమ్మ అంటే పిన్ని. ఆవిడను పేరు పెట్టి పిలిచినా వరస పెట్టి పిలిచినట్టే ఉంటుంది. అదొక సుఖం. తోటలో నన్ను కూర్చోబెట్టి, కాయలు కోసే గంపలు నాలుగైదు తెచ్చి నేల మీద బోర్లించింది. ఒకటి పెద్దది, కొన్ని చిన్నవి. పాత చీర ఒకటి తొట్టిలో ముంచి వాటి మీద కప్పింది. తడి చీర గంపల మీద గుండ్రంగా నిలిచి, వాటి మధ్యన జారి, మళ్లీ లేచి, అంచుల్లో నేలకు దిగింది. గోడ లేదు, కప్పు లేదు. రెండూ ఒకటే.

ఎందుకు ఇలా అని అడిగాను. ఆవిడ గంపల దగ్గరే గొంతుకూర్చుని చెప్పింది.

"పెండ్లయి వచ్చినప్పుడు కొత్త కోడలని ఒక మూల కూసోబెట్టినారు. నెలనెలా ఒక మూల. కాన్పుకి ఒక మూల. అన్నదమ్ములు భాగాలు పంచుకొని ఇంటికి అడ్డగోడలు పెట్టినారు, పెట్టినప్పుడల్లా ఇంకో రెండు మూలలు. ఆ ఇంట్లో నా వాటాకి వచ్చినేవన్నీ మూలలేనమ్మా. ఈ నేల మాయమ్మ నాకిచ్చింది. ఈడ నాకు మూల వద్దు."

కోపంగా చెప్పలేదు. ఉప్పు ఎంత వేయాలో చెప్పినట్టు చెప్పింది.

చీర ఆరిపోయి ముడతలు పడేదాకా దాన్నే చూస్తూ కూర్చున్నాను. ఎన్ని ఫొటోలు తీశానో తెలియదు.

ఫిబ్రవరి 6

బెంగళూరుకు జవాబు రాయలేదు. రేపు.

ఫిబ్రవరి 9, ఆదివారం

మేడమీద గోనెగుడ్డను సిమెంటు నీళ్లలో ముంచి గిన్నెల మీద కప్పాను. ఆరాక గిన్నెలు తీసేస్తే గుడ్డ పెంకులా నిలబడుతుంది. గిన్నెలు షాపులోవి. కొత్తవి. అడిగి తీసుకోలేదు.

నాన్న పైకి వచ్చి చూశారు. ఏమిటిది అన్నారు. ఇల్లు అన్నాను. చుట్టూ ఒకసారి తిరిగి, "తలుపు యాడమ్మా?" అన్నారు. ఇంకా పెట్టలేదన్నాను. సిమెంటు అంటుకున్న ఈ గిన్నెలు ఇంక ఎవరు కొంటారని గొణుక్కుంటూ దిగిపోయారు. ఆయనకు నా పని అంటే గిన్నెలు పాడవడమే.

కానీ నిలబడింది! చేత్తో నొక్కితే కదల్లేదు. చిన్నప్పుడు మట్టిలో ఆడుకున్న తరువాత ఇంత మురికిగా, ఇంత హాయిగా ఎప్పుడూ లేను.

ఇది చివరి ప్రాజెక్టు కాబట్టి కొంచెం శ్రద్ధగా చేస్తున్నాను, అంతే.

ఫిబ్రవరి 21

పెంకు నమూనాను ఒళ్లో పెట్టుకుని తోటకు వెళ్లాను. చిక్కమ్మ దాన్ని రెండు చేతులతో ఎత్తి, లోపలికి తొంగి చూసి, నవ్వింది. ఒప్పుకోవడం అంతే.

ఆవిడ భర్త ఆంజినప్ప ఒప్పుకోలేదు. పొడుగ్గా, నెమ్మదిగా ఉండే మనిషి. నాకు ఎళనీరు బోండాం కొట్టించి ఇచ్చి, తాగేదాకా ఆగి, అప్పుడు అడిగాడు.

"మూలలే లేకపోతే ఈశాన్యం యాడ పెడతావమ్మా?"

ఈశాన్యం దిక్కే కదా, గుండ్రటి ఇంటికీ దిక్కులుంటాయి అన్నాను.

"దిక్కుంటే చాలునా? ఆ దిక్కుకి ఒక తావుండాల కదా."

వాస్తు చూసే ఆదిశేషయ్య గారిని ఆయన ముందే పిలిపించాడట. ఆ పెద్దాయన దిక్సూచి పట్టుకుని తోటంతా తిరిగి, ఇలాంటి ఇల్లు మంచిదని తాను చెప్పలేనని, చెడ్డదనీ చెప్పలేనని, తన శాస్త్రంలో దీని మాటే లేదని వెళ్లిపోయారట. మాట లేకపోవడమే చెడ్డదని ఆంజినప్ప లెక్క. ఆ ఇంట్లో కాలు పెట్టనని, మోటరు షెడ్డులో పడుకుంటానని నింపాదిగా చెప్పాడు.

"షెడ్డుకి నాలుగు మూలలుండాయి. బాగా నిద్ర పడుతుంది పో," అంది చిక్కమ్మ.

దారంతా నవ్వుకుంటూనే వచ్చాను. ఇంటికి వచ్చాక నవ్వు ఆగిపోయింది. ఆవిడ నేల, ఆవిడ ఇష్టం. నిజమే. కానీ ఇల్లు కట్టి ఒక మనిషిని షెడ్డుకు పంపడం నాకు నచ్చలేదు.

మార్చి 10

కృష్ణగిరిలో మహేంద్రను కలిశాను. కాలేజీలో నాకు సీనియర్. ఇప్పుడు వంతెనలకూ గోడౌన్లకూ బలం లెక్కలు కడతాడు. నమూనాను బల్ల మీద పెట్టాను. దాన్ని కింద పెట్టి, చెప్పులు విప్పి, ఎక్కి నిలబడ్డాడు.

పెంకు పగల్లేదు. ఆయన దాని మీద నిలబడే, ఇనుప కంబీ ఎంత లావుండాలి, వల ఎన్ని పొరలు వేయాలి అని మొదలుపెట్టాడు. సాయంత్రం దాకా దిగలేదనే చెప్పాలి.

మార్చి 17

బెంగళూరువాళ్లను జూన్ రెండు దాకా ఆగమని అడిగాను. ఒప్పుకున్నారు. జూన్ ఖాయం. నాన్నకూ అదే చెప్పాను. గది గురించి ఆయన ఏమీ అనలేదు. సరుకు మెట్ల మీద పెట్టుకుంటున్నారు. పైకి వెళ్లాలంటే కుక్కర్ డబ్బాలు దాటుకుంటూ వెళ్లాలి.

మార్చి 28

ప్లాను అనుమతికి వెళ్లాను. ఆఫీసులో ఆయన మంచివాడే. గోడ ఎత్తు ఎంత అని అడిగాడు. గోడ లేదన్నాను. కప్పు కొలత అడిగాడు. అదే గోడ అన్నాను. కళ్లజోడు తీసి తుడుచుకున్నాడు. చివరికి ఇద్దరం కూర్చుని, తమిళంలో వాదించుకుని, నడుమెత్తున ఒక చుక్కల గీత గీశాం. కింద గోడ, పైన కప్పు. ఇల్లు అయ్యాక చూడటానికి వస్తానన్నాడు, డ్యూటీ మీద కాదు, ఇంట్లోవాళ్లను తీసుకుని.

ఏప్రిల్ 16

పునాదికి ముగ్గు పోశాం. మేస్త్రీ మునెప్ప దారం పట్టుకుని ఏ కొసన కట్టాలో తెలియక నా మొహం చూశాడు. కొసలు లేవు. నా డ్రాయింగులో కొలతలన్నీ ఉన్నాయి కానీ నేల మీద పెడుతుంటే గీత బిగుసుకుపోతోంది.

అప్పుడు చిక్కమ్మను నడవమన్నాను. సున్నం బుట్ట చంకన పెట్టుకుని, తన ఇంటి చుట్టూ తాను తిరుగుతున్నట్టు నడవమన్నాను. ఆవిడ పోసుకుంటూ నడిచింది. పనస చెట్టు దగ్గర కాస్త పక్కకు తొలగింది, ఎండ తగిలే చోట లోపలికి తిరిగింది. మేం వెనకాలే కర్రలు పాతుకుంటూ పోయాం. తరువాత కొలిచి చూస్తే నా డ్రాయింగుకు జానెడు అటూ ఇటూ, అంతే. ఆవిడ గీతే ఉంచాను.

ఆంజినప్ప షెడ్డు గడపలో కూర్చుని చూశాడు. దగ్గరకు రాలేదు.

మే 20

కంబీలన్నీ వంగి పైకి లేచాయి. వాటి మీద కోళ్ల వల కడుతున్నారు. లోపల నిలబడి పైకి చూస్తే ఆకాశం గళ్లు గళ్లుగా కనిపిస్తుంది. ఊళ్లో సగం మంది ఇది నీళ్ల ట్యాంకు అంటున్నారు, సగం మంది కోళ్ల ఫారం అంటున్నారు. ఒకాయన బస్సు దిగి వచ్చి కల్యాణ మండపమా అని అడిగాడు.

అమ్మ ఫోను చేసి, అన్నం తిన్నావా అని అడిగింది. తిన్నానని అబద్ధం చెప్పాను. ఎండలో నల్లబడి, చేతుల నిండా వైరు గీతలతో, ఇంత బాగా నేనెప్పుడూ లేను. జూన్ రెండు గుర్తుంది.

మే 29

పొద్దున్నే చిక్కమ్మ ఫోను. "ఏనుగొచ్చి పోయిందమ్మా. మేం బాగుండాం. ఇల్లు కొంచెం వంగింది."

ఎలా కారు నడిపానో తెలియదు. వెళ్లేసరికి అటవీశాఖవాళ్లు వచ్చి, ఒంటరి మగ ఏనుగు కుప్పం వైపు అడవిలోకి వెళ్లిపోయిందని చెప్పి, ఎవరూ ఆ దిక్కుకు పోవద్దని హెచ్చరిస్తున్నారు. పనసకాయలకు వచ్చిందట. ఇంటి అస్థిపంజరం ఒక పక్క లోపలికి అణిగిపోయి ఉంది. పెద్ద గిన్నెకు సొట్ట పడ్డట్టు. వారాల పని పోయింది. నేను అక్కడే మట్టిలో కూర్చుండిపోయాను. ఇదే మంచిది, ఇక బెంగళూరు పోవచ్చు అనుకున్నాను. ఒక్క నిమిషం నిజంగానే అనుకున్నాను.

ఆంజినప్ప వచ్చి నా పక్కన కూర్చున్నాడు. తెల్లారుతుండగా షెడ్డు కిటికీలోంచి ఆయన ఒక్కడే అంతా చూశాడు.

"కోపంగా రాలేదమ్మా. కాయలు తిన్నాడు, నిదానంగా నడిచొచ్చినాడు, మన కంబీలకి ఆనుకొని ఒళ్లు రుద్దుకున్నాడు. పడదోయాలంటే ఆయప్పకి ఎంతసేపు? ఇంటి చుట్టూ అంత తావుండాది. ఒక్కచోటే ఆనుకున్నాడు. ఏ పక్క వంగిందో చూసినావా?"

చూశాను. చేత్తో సూర్యుడి వైపు చూపించి, కొంచెం ఎడమకు జరిపాడు. ఈశాన్యం.

"నేను అడిగిన తావు స్వామే వచ్చి చూపించి పోయినాడు. దాన్ని సరిచేయొద్దు తల్లీ."

చిక్కమ్మ నా వైపు చూసింది. నేను ఆవిడ వైపు చూశాను. ఇద్దరం నవ్వలేదు. నవ్వేది కాదు అది.

మే 30

నేను నమ్మను. ఏనుగుకు వీపు దురద పుట్టింది, అక్కడ దానికి కుదిరింది. అంతే.

మే 31

అయినా ఆ సొట్ట బాగుంది. బయట నుంచి చూస్తే ఒక మనిషి పడుకునేంత తిన్నెలా ఉంది. పైన పెదవిలా ముందుకు వచ్చిన కప్పు. పొద్దుటి ఎండ తగులుతుంది, మధ్యాహ్నం నీడ. ఆ వైపే నా డ్రాయింగు ఎప్పుడూ చప్పగా ఉండేది. ఎన్నిసార్లు చెరిపి గీశానో. నాకు తోచనిది ఆ ఏనుగుకు ఎలా తోచిందో.

జూన్ 3

మహేంద్ర వచ్చి సొట్టలో కూర్చున్నాడు. పెంకు బయటికి ఉబ్బి ఉంటేనే బలమని, లోపలికి వంగితే ఆ బలం పోతుందని చెప్పాడు. తెలుసు. అయినా అడిగాను. మూడు రోజులు గడువు అడిగి వెళ్లాడు.

నిన్న జూన్ రెండు. ఇప్పుడే గుర్తొచ్చింది.

జూన్ 6

చేయవచ్చట! పెదవి పొడవునా లావు కాంక్రీటు పక్కటెముక ఒకటి, రెట్టింపు కంబీలు. "ఏనుగుతో కలిసి డిజైన్ చేసినానని ఎవరికి చెప్పుకుంటా," అన్నాడు ఫోనులో. ఆయన గొంతులో కూడా నవ్వు ఆగడం లేదు.

జూన్ 11

ఆ ఉద్యోగం వేరేవాళ్లకు ఇచ్చేశామని బెంగళూరు నుంచి ఉత్తరం. మర్యాదగా రాశారు. చదివి, పైన కూర్చోలేక, కిందికి దిగి ఇంటికి వెళ్లి అమ్మ చేసిన ఒబ్బట్టు రెండు తిన్నాను. ఏమైందే అంది. ఏమీ లేదు, ఆకలి అన్నాను.

నాన్నకు చెప్పలేదు. గది అడుగుతారు.

జూన్ 22, ఆదివారం

ఈ రోజును ఎలా రాయాలో తెలియడం లేదు.

సిమెంటు మాలు మొదలుపెడితే పూర్తయ్యేదాకా ఆపకూడదు, అతుకు పడకూడదు. వెలుగు రాగానే మొదలుపెట్టాం. వలకు లోపల కొందరు, బయట కొందరు. ఒకరు లోపల నుంచి ఒత్తితే ఇంకొకరు బయట నుంచి అదే చోట ఒత్తాలి, అప్పుడే మాలు కంబీల మధ్య గట్టిగా కూరుకుంటుంది. మునెప్ప మనుషులు చాలలేదు. కోళ్ల ఫారం అన్నవాళ్లు, ట్యాంకు అన్నవాళ్లు, అందరూ చేతులకు తొడుగులు వేసుకుని వచ్చేశారు. ఆంజినప్ప అందరికంటే ముందు, పంచె ఎగగట్టి, తన ఈశాన్యం దగ్గర.

మధ్యాహ్నానికి నేను అటుపక్క ఎక్కడైనా డొల్లగా ఉందా అని తట్టి చూసుకుంటూ వెళ్తున్నాను. ఆంజినప్ప బయట నుంచి అరచేతితో ఒత్తుతున్నాడు. లోపల నుంచి ఎవరో అదే చోట ఎదురు ఒత్తుతున్నారు. వల ఇంకా పూర్తిగా మూసుకోలేదు. ఆయన ఆగి, వంగి చూశాడు.

"లోపలెవురు?"

"ఇంకెవురు," అంది చిక్కమ్మ గొంతు.

ఆయన చెయ్యి తీయలేదు. ఆవిడా తీయలేదు. నేను అక్కడ నుంచి వచ్చేశాను. వెనక్కి తిరిగి చూస్తే ఆ ఖాళీ మూసుకుపోయి, గోడ అయిపోయింది.

జూన్ 23

ఒళ్లంతా నొప్పులు. చేయి లేవడం లేదు. సంతోషం.

జులై 20

గోడ ఎండకు పగలకుండా కప్పిన తడి గోనెసంచులన్నీ తీసేశాం. ఇవాళ లోపలి ఊత కట్టెలు తీసే రోజు. ముందు మధ్యలోవి, తరువాత అంచులవి, తొందరపడకుండా తీయాలని మహేంద్ర గట్టిగా చెప్పాడు. అందరినీ బయటకు పొమ్మన్నాను. లోపల నేను, మహేంద్ర, మునెప్ప మాత్రమే ఉండాలి.

చిక్కమ్మ చేట నిండా వెల్లుల్లి పెట్టుకుని నట్టనడుమ కూర్చుని ఒలుస్తోంది. లేవమంటే లేవలేదు. కట్టమన్నది తాను, మేం లోపలుంటే తాను బయట నిలబడి చూస్తే ఎట్లా అంది. బతిమాలాను. మహేంద్ర కోప్పడ్డాడు. ఆవిడ ఇంకో వెల్లుల్లి తీసుకుంది. చివరికి ఆవిడ నెత్తిన నా హెల్మెట్టు పెట్టాను.

మొదటి కట్టె వచ్చింది. రెండోది వచ్చింది. మూడోదానికి పైన టప్పున పెద్ద శబ్దం. మహేంద్ర చెయ్యెత్తి అందరినీ ఆపాడు. ఊత కట్టెల మీది పలక ఒకటి కాంక్రీటును వదిలిన శబ్దం, అంతే. కప్పు నుంచి వేలాడదీసిన కొలబద్ద దగ్గర మహేంద్ర వంగి చూశాడు. కప్పు వెంట్రుకంత దిగి ఆగింది. పెదవి దగ్గర అదీ లేదు.

చివరి కట్టె తీశాక లోపల ఏమీ లేదు. వెలుతురు, చిక్కమ్మ, వెల్లుల్లి పొట్టు. ఆంజినప్ప వాకిట్లో ఆగి, చెప్పులు విడిచి, కుడికాలు ముందు పెట్టి లోపలికి వచ్చాడు. చుట్టూ చూసి, గొంతు సవరించుకున్నాడు. ఆ సవరింపు ఇల్లంతా గుండ్రంగా తిరిగి ఆయన దగ్గరికే వచ్చింది. మళ్లీ సవరించుకున్నాడు.

షెడ్డులో ఉన్న ఆయన పరుపు సాయంత్రానికి వాకిట్లో ఎండలో కనిపించింది.

ఆగస్టు 4

ఉద్యోగం పోయిన సంగతి నాన్నకు చెప్పాను. తెలుసన్నారు. అమ్మకు ఒబ్బట్ల రోజే అర్థమైందట. మరి గది అన్నాను. సరుకుకు వెనక వీధిలో చోటు చూసుకున్నానని, ఆ మెట్ల మీది డబ్బాలు కుర్రాళ్ల చేత తీయిస్తానని చెప్పి, కౌంటరు దగ్గరికి వెళ్లిపోయారు. గృహప్రవేశానికి రమ్మన్నాను. షాపు మూయడం కుదరదన్నారు. రారు. నాకు తెలుసు. పెద్దగా అనుకోవడం లేదు.

ఆగస్టు 18

వచ్చారు. షాపుకు తాళం వేసి, అమ్మను తీసుకుని, పెద్ద ఇత్తడి అండా ఒకటి కారు వెనక సీటులో కూర్చోబెట్టుకుని వచ్చారు.

జనం జాతరలా ఉన్నారు. ప్లాను ఆఫీసాయన అన్నట్టే పిల్లలను తీసుకుని వచ్చి, చుక్కల గీత ఎక్కడుందో వెతుకుతున్నాడు. చుట్టాలు తెచ్చిన దేవుడి పటాలు ఈ వంపు గోడలకు ఆనక, అన్నీ నేల మీద వరుసగా కూర్చున్నాయి. అత్తిముగం నుంచి వచ్చిన ఒక జంట, మాకు ఇట్లాంటిది కాదు, ఇంకోలాంటిది కావాలి అని నా నంబరు తీసుకున్నారు. ఆ మాట ఎంత నచ్చిందో.

తెల్లవారుజామున పాలు పొంగించాక మొదటిసారి లోపల కాసేపు పడుకుంది చిక్కమ్మ. ఎలా ఉందని అడిగాను. చాప ఎక్కడ వేయాలో తెలియక రెండు మూడుసార్లు మార్చిందట. "యాడ పడుకున్నా నడుమనే ఉన్నట్టుందమ్మా," అంది.

నాన్న ఇల్లంతా ఒంటరిగా తిరిగారు. గోడ మీద అరచేయి ఆనించి, తీయకుండా, ఆ వంపు వెంట నడుచుకుంటూ వెళ్లారు. ఏమంటారోనని దూరం నుంచే చూశాను. అలాగే బయటికి వెళ్లిపోయారు.

భోజనాలయ్యాక కనిపించలేదు. వెతికితే ఈశాన్యం తిన్నె మీద, ఆ పెదవి కింద నీడలో, కండువా తలకింద పెట్టుకుని నిద్రపోతున్నారు. మా నాన్న పగలు నిద్రపోవడం నేను చూడలేదు. జ్వరం వచ్చినా కౌంటరు వెనక కూర్చునే ఉంటారు. నోరు కొంచెం తెరిచి, ఒక చెయ్యి గోడ మీద ఆనించి, గాఢంగా పడుకున్నారు. అమ్మను పిలిచి చూపించాను. అమ్మ చీర కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

ఆంజినప్ప లోపలికి వెళ్లి అందరికీ సైగ చేశాడు. అంత మంది తిన్న గిన్నెలు, గంగాళాలు కడుగుతున్నారు. ఒక్కటీ మోగలేదు. ఒకదాని మీద ఒకటి గుడ్డలు పరిచి పెట్టారు. నేను తిన్నె పక్కన నేల మీద కూర్చున్నాను.

సాయంత్రం కళ్లు తెరిచి, పైన ఉన్న కప్పునే చాలాసేపు చూశారు. టైమెంత అన్నారు. చెప్పాను. అమ్మ కారు తాళాలు అందుకుంది.

"పోదాంలే," అన్నారు నాన్న, అటుపక్కకు తిరిగి మళ్లీ కళ్లు మూసుకుంటూ. "అంత తొందరేముంది."